టమాటకు కాపలా బంతి! నారు ముందు పోస్తేనే ఫలితం

కాయతొలుచు పురుగును బంతిపూలతో పక్కకు లాగి, వేప కషాయంతో అదుపు చేయవచ్చన్న మాట రైతులకు కొత్త కాదు. అయినా చాలా తోటల్లో బంతీ కనిపిస్తుంది, పుచ్చు కాయలూ కనిపిస్తాయి. లోపం పద్ధతిలో లేదు, తేదీల్లో ఉంది.

మదనపల్లె ప్రాంతంలో టమాట తోట లేని ఊరు అరుదు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండటంతో, మిగతా చోట్ల ఎండలకు పూత రాలిపోయే వేసవిలోనూ ఇక్కడ కాయ దిగుతుంది. అందుకే ఇక్కడి మార్కెట్‌కు అంత పేరు. కానీ ఆ పేరు రైతు జేబు నింపుతుందన్న నమ్మకం లేదు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటి పలికిన టమాటనే, ధర పడిపోయిన సంవత్సరాల్లో కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి. ధర రైతు చేతిలో లేదు. చేతిలో ఉన్నది ఖర్చు ఒక్కటే. ఆ ఖర్చులో తగ్గించుకోవడానికి ఎక్కువ వీలున్నది పురుగుమందుల పద్దు.

మా చిన్నాయన తోటలో జరిగింది చెబితే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన ఎకరం టమాటకు వారానికొకసారి మందు కొట్టేవాడు. ఒక సాయంత్రం ట్యాంకు దించి గట్టు మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. చిన్నమ్మ భయపడి, "ఈ కాయ వద్దు, ఈ మందూ వద్దు" అని పట్టుబట్టింది. ఎవరో చెప్పగా మరుసటి పంటలో బంతి వేద్దామనుకున్నారు. నర్సరీకి పోయి టమాట నారు, బంతి నారు ఒకే రోజు తెచ్చి, ఒకే రోజు నాటారు. రెండూ ఒకే వయసు నారు. టమాట పూతకు వచ్చేటప్పటికి బంతి ఇంకా ఆకుతోనే ఉంది. పురుగు నేరుగా టమాట మీద వాలింది.

నేను పోయి అడిగితే చిన్నాయన నవ్వలేక నవ్వాడు.

"ఏముండాది నాయనా, పూలు పండక్కి వచ్చినాయి, కాయ పురుక్కి పోయింది. పూలు నాటితే పురుగు పోతాదని చెప్పినోడు ఎప్పుడు నాటాల్నో చెప్పలేదు."

ఆయన అడిగిన ఆ 'ఎప్పుడు' అన్నదే ఈ పద్ధతికి ప్రాణం.

పురుగు నడత తెలుసుకోండి

టమాటలో కాయతొలుచు పురుగు అంటే శనగపచ్చ పురుగే. శనగ, కంది, పత్తి చేలను పీడించేదీ ఇదే. దీని తల్లి రెక్కల పురుగు రాత్రిపూట తిరుగుతూ లేత ఆకుల మీద, పూత దగ్గర గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. గుడ్డు గసగసాల గింజంత ఉంటుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో పగిలి పిల్ల పురుగు బయటికి వస్తుంది. మొదట కొన్ని రోజులు ఆకును, మొగ్గను గీకి తిని, కాస్త పెరగ్గానే కాయలోకి తల దూరుస్తుంది. శరీరం సగం బయట, సగం లోపల పెట్టి తినడం దీని అలవాటు. ఒక కాయతో ఆగదు, ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంది. అందుకే పురుగులు తక్కువగా ఉన్నా పుచ్చు కాయలు ఎక్కువగా కనిపిస్తాయి. ఎదిగాక నేలలోకి దిగి నిద్రావస్థకు పోతుంది.

దీన్నిబట్టి ఒక సంగతి గ్రహించాలి. కాయలోకి తల పెట్టిన పురుగుకు రసాయన మందైనా, కషాయమైనా సరిగా తగలదు. గుడ్డు దశ, దాని తరువాత నాలుగైదు రోజులు, ఈ కాస్త వ్యవధిలోనే దాన్ని ఆపగలం. పుచ్చు కాయ కంటపడ్డాక ట్యాంకు భుజానికెత్తుకునే రైతు అప్పటికే ఆలస్యం చేసినట్లు లెక్క.

బంతి చేసే పని

బంతి పురుగును చంపదు. వాసనతో తరిమేస్తుందన్న మాట కూడా ఇక్కడ సరికాదు. నిజానికి పిలుస్తుంది. శనగపచ్చ పురుగు తల్లికి టమాట పూత కంటే బంతి మొగ్గ, బంతి పువ్వు ఎక్కువ ఇష్టం. రెండూ ఒకే సమయంలో ఎదురుగా ఉంటే ఎక్కువ గుడ్లు బంతి మీదే పెడుతుంది. అందుకే దీన్ని ఎర పంట అంటారు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు టమాటలో ఈ పద్ధతిని పరీక్షించి, 1994లో ఫలితాలను ప్రకటించారు. అప్పటి నుంచి సమగ్ర సస్యరక్షణ సిఫారసుల్లో ఇది చోటు చేసుకుంది.

ఆ సిఫారసు ప్రకారం ప్రతి 14 నుంచి 16 టమాట సాళ్లకు ఒక సాలు బంతి వేయాలి. నాటేనాటికి బంతి నారు వయసు 40 నుంచి 45 రోజులు, టమాట నారు వయసు 25 రోజులు ఉండాలి. రెండింటినీ ఒకే రోజు నాటాలి. అప్పుడే టమాట తొలిపూతకు వచ్చే వేళకు బంతి మొగ్గ విప్పుతుంది. మా చిన్నాయన రెండింటినీ ఒకే రోజు నాటడం తప్పు కాదు. రెండూ ఒకే వయసు నారు కావడమే తప్పు.

తేదీల లెక్క ఇదీ

ముందుగా బంతి గింజలు నారు పోయండి. ఆ తరువాత 15 నుంచి 20 రోజులు ఆగి టమాట నారు పోయండి. టమాటకు 25 రోజులు నిండగానే రెండూ పొలంలోకి వస్తాయి. ఉదాహరణకు జనవరి 1న బంతి పోస్తే, జనవరి 16 నుంచి 20 మధ్య టమాట పోసి, ఫిబ్రవరి రెండో వారంలో నాటుకోవచ్చు.

ఈ రోజుల్లో చాలామంది ట్రేలలో పెంచిన నారును నర్సరీల్లో కొంటున్నారు. అలాంటివారు టమాట నారుకు చెప్పే రోజు కంటే రెండు వారాలకు పైగా ముందే బంతి నారుకు చెప్పుకోవాలి. రకం విషయంలోనూ జాగ్రత్త అవసరం. కుండీల్లో పెంచే పొట్టి బంతి ఇందుకు పనికిరాదు. పసుపు, నారింజ రంగుల్లో పెద్ద పువ్వు పూసే, ఎత్తుగా పెరిగే ఆఫ్రికన్ బంతి కావాలి. టమాట ఆకుల్లో మునిగిపోయే మొక్క పురుగును పిలవలేదు.

ఎకరాకు ఎన్ని మొక్కలు కావాలి? చదరంగా ఉన్న ఎకరంలో సాలుకు సాలుకు 90 సెంటీమీటర్ల చొప్పున సుమారు 70 సాళ్లు వస్తాయి. వాటిలో నాలుగైదు సాళ్లు బంతికి ఇస్తే చాలు. మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్ల దూరం పెడితే సాలుకు 140 మొక్కలు పడతాయి. అంటే 560 నుంచి 700 మొక్కలు. చచ్చిన మొక్కల స్థానంలో నాటడానికి మరో వంద కలుపుకోండి. "అంత భూమి పోతే ఎట్ల?" అనుకునే రైతులు బంతికీ మార్కెట్‌లో ధర ఉందని గుర్తు పెట్టుకోవాలి. ఉగాది, దసరా, దీపావళి లెక్క చూసుకుని వేస్తే ఆ సాళ్లు ఊరికే పోవు.

ఎర వేసి వదిలేయకండి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. బంతి మీద గుడ్లు పెట్టించి ఊరుకుంటే, ఆ బంతి సాలే పురుగుకు పుట్టిల్లవుతుంది. పువ్వు లోపల పెరిగిన పురుగు కిందికి దిగి పక్క టమాట సాలుకు పోతుంది. గాలం వేసి చేపను తీయకపోతే ఎర తిని పోయినట్లే.

కాబట్టి పూత మొదలైనప్పటి నుంచి వారానికి రెండుసార్లు బంతి సాళ్లు తిరగాలి. విచ్చిన పువ్వులను ఎప్పటికప్పుడు కోసేయాలి. పుచ్చు మొగ్గలను, పురుగు ఉన్న పువ్వులను వేరుగా ఏరి నీళ్లలో ముంచాలి, లేదా లోతుగా పూడ్చాలి. గట్టు మీద పడేస్తే పురుగు మళ్లీ తోటలోకే వస్తుంది. మా ఇంట్లో ఈ సంగతి కనిపెట్టింది చిన్నమ్మే. రెండో పంటలో మాలకు పూలు కోస్తూ పువ్వు విప్పి చూసి, "ఇదిగో, మన కాయలో ఉండే పురుగే ఇందులో ఉండాది. ఈడనే పట్టుకుంటే ఆడికి పోదు కదా" అంది. అప్పటి నుంచి బంతి సాళ్ల బాధ్యత ఆమెదే.

కషాయం కొట్టినా, శనగపచ్చ పురుగుకు వాడే ఎన్.పి.వి. వైరస్ ద్రావణం కొట్టినా బంతి సాళ్లను వదలకూడదు. ఎన్.పి.వి.ని ఎకరాకు 100 ఎల్.ఇ. చొప్పున, కొద్దిగా బెల్లం కలిపి, నాటిన 28వ రోజు నుంచి వారం తేడాతో మూడుసార్లు సాయంత్రం పూట పిచికారి చేయాలి. ఎండకు ఈ వైరస్ నశిస్తుంది. మందు పడిన పూలను అమ్మకానికి గానీ, తలలో పెట్టుకోవడానికి గానీ వాడరాదు.

వేప కషాయం: కొలత తప్పితే గుణం ఉండదు

వేప శక్తి మనవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ధాన్యంలో, బట్టల్లో వేపాకు పెట్టని ఇల్లు ఉండేది కాదు. 1962లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ దగ్గర మిడతల దండు దిగినప్పుడు, వేపపప్పు ద్రావణం చల్లిన పైరును మిడతలు తినకుండా వదిలేశాయి. వేపలో ఉండే అజాడిరాక్టిన్ అనే పదార్థం పురుగుకు తిండి సహించకుండా చేస్తుంది. పిల్ల పురుగు కుబుసం విడవడాన్ని చెడగొడుతుంది. అందుకే కషాయం కొట్టిన మర్నాడే పురుగు చచ్చి రాలాలని చూడకూడదు. అది తినడం మానేసిందా, ఎదుగుదల ఆగిందా అన్నది చూడాలి. పెద్ద పురుగు మీద దీని ప్రభావం తక్కువ.

5 శాతం కషాయం తయారీ విధానం ఇది. బాగా ఎండిన వేపగింజల పొట్టు తీసిన పప్పు 5 కిలోలు మెత్తగా దంచాలి. నూనె బయటికి వచ్చేంతగా దంచకూడదు. ఆ పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారి కర్రతో బాగా కలిపితే నీరు పాలలా తెల్లగా మారుతుంది. రెండు మడతల పలుచని గుడ్డతో వడగట్టి, మొత్తం 100 లీటర్లు అయ్యేలా నీరు కలపాలి. 200 గ్రాముల సబ్బు పొడిని విడిగా కొద్ది నీటిలో కరిగించి చివర్లో చేర్చాలి. సబ్బు లేకపోతే కషాయం ఆకుకు అంటదు. ఎకరాకు 200 లీటర్లు కొట్టేవారు ఈ కొలతలను రెట్టింపు చేసుకోవాలి. పొట్టుతో సహా దంచేవారు గింజలో పప్పు సుమారు సగమే ఉంటుందని గుర్తుంచుకుని, ఆ మేరకు గింజ పెంచాలి.

కషాయం ఏ రోజుది ఆ రోజే వాడాలి. మధ్యాహ్నం మూడున్నర తరువాతే పిచికారి చేయాలి. ఎండకు వేప గుణం త్వరగా తగ్గిపోతుంది. ఆకు అడుగు భాగం, పూత, లేత కొనలు తడవాలి. టమాట పూత మొదలుకాగానే తొలిసారి, తరువాత తోటను చూసుకుంటూ వారం, పది రోజుల తేడాతో కొట్టాలి.

గింజ విషయంలో మన ప్రాంతపు రైతులకు ఒక చిక్కు ఉంది. వేపపండ్లు రాలేది జూన్, జూలై ప్రాంతంలో. నీడన ఆరబెట్టిన గింజ ఎనిమిది నెలల లోపే వాడాలి. ఆ తరువాత గుణం తగ్గుతుంది. ఈ లెక్కన వానాకాలం, శీతాకాలం తోటలకు ఇంటి గింజ సరిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో పూతకొచ్చే వేసవి తోటకు పాత గింజ నమ్ముకోవడం మంచిది కాదు. అలాంటప్పుడు అజాడిరాక్టిన్ 1500 పి.పి.ఎం. ఉన్న వేప మందును లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున వాడవచ్చు. డబ్బా మీద గడువు తేదీ చూసి, బిల్లు తీసుకుని కొనండి. నేలమీద తడిసి బూజు పట్టిన గింజను ఎప్పుడూ వాడకండి.

మిర్చి, వెల్లుల్లి కషాయం కూడా చాలామంది చేస్తున్నారు. ఘాటు ఎక్కువైతే లేత ఆకు మాడుతుంది. కాబట్టి కొత్తగా కాచినప్పుడు ముందు నాలుగు మొక్కల మీద కొట్టి రెండు రోజులు చూడాలి. పొగాకు కషాయం మాత్రం టమాటకు వద్దు. మూలిక అయినంత మాత్రాన అది నిరపాయం కాదు. అందులోని నికోటిన్ మనిషికి విషం. పైగా పొగాకు నుంచి మొజాయిక్ తెగులు టమాటకు అంటుకునే ప్రమాదం ఉంది.

తోడుగా మరికొన్ని

తోట చుట్టూ మూడు నాలుగు సాళ్ల జొన్న లేదా మొక్కజొన్నను దట్టంగా ముందే పెంచితే, పక్క చేల నుంచి వచ్చే తెల్లదోమకు, పేనుబంకకు అడ్డుగోడలా ఉంటుంది. ఆకుముడత తెగులును మోసుకొచ్చేది తెల్లదోమే కాబట్టి టమాటకు ఇది ముఖ్యం. గట్ల వెంట అక్కడక్కడ ఆముదం వేస్తే పొగాకు లద్దెపురుగు గుడ్ల గుంపులు దాని ఆకుల మీద కనిపిస్తాయి. ఆ ఆకులు తుంచి నాశనం చేయడం తేలిక. కొన్ని ధనియాల మొక్కలను పూతకు వదిలితే, అలసంద నాలుగు పాదులు పెడితే, అక్షింతల పురుగుల వంటి మిత్ర పురుగులకు తిండి, నీడ దొరుకుతాయి.

లింగాకర్షక బుట్టలు ఎకరాకు ఐదు పెట్టుకుంటే రెక్కల పురుగుల రాక ముందే తెలుస్తుంది. ట్రైకోగ్రామా కార్డులు కట్టేవారు పూత దశ నుంచి ఎకరాకు 20 వేల గుడ్ల చొప్పున వారం వారం కట్టాలి. ఆ రోజుల్లో ఘాటైన పురుగుమందు కొడితే కార్డుకు పెట్టిన డబ్బు వృథా. మన దగ్గర టమాటకు ఎలాగూ కట్టెలు నాటుతారు. వాటి కొనలు మొక్క కంటే కాస్త ఎత్తుగా ఉంచితే పక్షులు వాలి పురుగులను ఏరుకు తింటాయి.

ఎర పంట సూత్రం ఒక్క టమాటకే పరిమితం కాదు. క్యాబేజీలో డైమండు రెక్కల పురుగుకు ఆవాలు ఎరగా పనిచేస్తాయి. ప్రతి 25 సాళ్ల క్యాబేజీకి ఆవాలు రెండు విడతలుగా చల్లాలి. క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు ఒక సాలు, నాటిన 25 రోజులకు మరో సాలు. ఇక్కడా తేదీలే ముఖ్యం.

బంతితో కాని పనులు

ఏ పద్ధతికైనా హద్దు ఉంటుంది. 2014లో మహారాష్ట్రలో తొలిసారి కనిపించి, తరువాత దక్షిణాది తోటలకు పాకిన టమాట ఊజీ పురుగును బంతి ఆపలేదు. ఆకులో తెల్లని పెద్ద మచ్చలు చేసి, కాయకు గుండుసూది మొనంత రంధ్రాలు పెట్టే ఈ పురుగుకు వేరే లింగాకర్షక ఎర కావాలి. శనగపచ్చ పురుగు ఎర దీనికి పనిచేయదు. బుట్టలు కొనేటప్పుడు ఏ పురుగుకో అడిగి తీసుకోండి. మచ్చలున్న ఆకులను, కాయలను ఏరి పూడ్చేయాలి. ఎండాకాలంలో బంతికి ఎర్రనల్లి పట్టే అవకాశం ఉంది. ఆకులు తెల్లబారి, అడుగున సాలెగూడులా కనిపిస్తే ఆ మొక్కలను వెంటనే తీసేయాలి. లేకపోతే టమాటకూ పాకుతుంది.

పురుగు మరీ మీరిపోతే సిఫారసు చేసిన మందును, సిఫారసు చేసిన మోతాదులో ఒకసారి వాడటం తప్పు కాదు. డబ్బా మీద రాసిన గడువు రోజులు తీరాకే కాయ కోయాలి. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపేసింది. ఎవరైనా పాత నిల్వ చూపించి చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు.

అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు 2000 దశకం మొదట్లోనే పత్తికి మందులు మాని, వేప, మిర్చి-వెల్లుల్లి కషాయాలతో, ఎర పంటలతో సాగు చేసి చూపారు. అప్పటి వరంగల్ జిల్లా ఏనబావి 2006లో ఊరంతా రసాయనాలు లేని సాగుకు మారినట్లు ప్రకటించుకుంది. ఒక్క తోటలో బంతి పెట్టి, పక్క పది తోటలు వదిలేస్తే పురుగు తిరుగుతూనే ఉంటుంది. గట్టు పక్క రైతుతో మాట్లాడుకుని, నలుగురూ ఒకే వారంలో నాటుకుంటే ఫలితం ఇంకా బాగుంటుంది.

మా చిన్నాయన ఇప్పటికీ మందు పూర్తిగా మానేశానని చెప్పడు. వారానికొకసారి కొట్టేవాడు, ఇప్పుడు పంట మొత్తానికి ఒకటి రెండుసార్లు తప్ప ట్యాంకు బయటికి తీయడు. ఏరుడు పనికి మనుషులు కావాలని, ఒక్కోసారి పది కాయలు పుచ్చు వస్తాయని ఒప్పుకుంటాడు. మొన్న మళ్లీ కలిస్తే అడిగాను, "ఈసారి టమాట ఎప్పుడు పోస్తున్నావు చిన్నాయనా?" అని.

"టమాట సంగతి తర్వాత చూద్దాం. బంతి పోసి వారమైంది" అన్నాడు.

రైతు సోదరులు, సోదరీమణులు గోడ మీది క్యాలెండరులో ముందు బంతి నారు తేదీ రాసుకోండి. దానికి 15 రోజులు కలిపి టమాట నారు తేదీ రాయండి. వేపపండ్లు రాలే రోజుల్లో పిల్లలతో కలిసి ఎకరాకు సరిపడా గింజ ఏరి నీడన ఆరబెట్టండి. సందేహాలుంటే మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రం వారినో, ఉద్యాన శాఖ అధికారినో అడిగి, మీ నేలకు, మీ రకానికి తగిన సూచనలు తీసుకోండి.